నగిషీ ఉన్న పందిరి మంచం మీద పాత రంగు తీయడానికి పెయింట్ రిమూవర్: రెండు రకాలు వాడాక రాస్తున్నా

ముందే చెప్పేస్తాను. లతలు, చిలకలు, పద్మాలు చెక్కిన పాత చెక్క సామాను మీద పేరుకుపోయిన ఎనామిల్ రంగు తీయడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే ఘాటు పెయింట్ రిమూవర్ బాగానే పని చేస్తుంది, కాకపోతే ఎండాకాలంలో వాడకూడదు, తలుపులు మూసిన గదిలో అసలే వాడకూడదు. ఘాటు లేని జెల్ రకానికి డబ్బు రెట్టింపు పైనే అవుతుంది, పూసి రాత్రంతా ఆగాలి, అయినా నగిషీ ఉన్న చోట నా ఓటు దానికే. కాస్టిక్ సోడా తొట్టిలో ముంచి రంగు తీసిచ్చే సర్వీసు జోలికి మాత్రం వెళ్లకండి. మిగతాదంతా ఎందుకు ఇలా అంటున్నానో చెప్పడమే, తీరిక ఉన్నవాళ్లు చదవండి, ఇంట్లో అలాంటి సామాను ఉన్నవాళ్లు మాత్రం పని మొదలుపెట్టే ముందు తప్పకుండా చదవండి.

మా అమ్మమ్మ వాళ్లది కోనసీమ. ఆవిడ మామగారు రంగంలో కొన్నేళ్లు పని చేసి వచ్చారు. రంగం అంటే రంగూన్, మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. అక్కడ సంపాదించిన డబ్బుతో చేయించిన బర్మా టేకు పందిరి మంచం ఇది. నాలుగు కోళ్లూ తరిమెన (లేత్) పట్టినవి, గుండ్రటి గాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. తలవైపు పలక మీద మధ్యలో పూర్ణకుంభం, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు చిలకలు, అంచు చుట్టూ ఆకులూ మొగ్గలూ ఉన్న లత. ఇదంతా నేను ఇప్పుడు చెప్పగలుగుతున్నాను గానీ, చిన్నప్పుడు మాకు ఆ చిలకలు చిలకల్లా కనిపించేవి కావు, రెండు ఉబ్బెత్తు ముద్దల్లా ఉండేవి. ఇంట్లో పెళ్లి వస్తే గోడలకి సున్నంతో పాటు మంచానికీ ఒక పూత వేసేవాళ్లు. అలా వేసుకుంటూ పోగా పైన తెలుపు, దాని కింద చాక్లెట్ రంగు, దాని కింద పచ్చ, ఆ కింద పసుపు. మధ్యమధ్యలో పగుళ్లు కనిపించకుండా లప్పం. మొత్తం కలిసి పోస్టుకార్డులు నాలుగైదు పేర్చినంత మందం అయిపోయింది.

ఆ ఇల్లు అమ్మాల్సి వచ్చినప్పుడు మంచం నేను తెచ్చుకుంటానన్నాను. మంచంతో పాటు ఒక నిలువుటద్దం ఫ్రేము, ఒక భోషాణం కూడా వచ్చాయి.

మొదట చేసిన తప్పు ఆ అద్దం ఫ్రేముతో చేశాను. పాత ఫర్నిచర్‌కి రంగు తీసి కొత్తగా చేసిస్తామని చెప్పిన ఒక చోట ఇచ్చాను, పేరూ ఊరూ రాయను. మూడు రోజుల్లో ఇచ్చేస్తామన్నారు, ఇచ్చారు కూడా. ఎలా తీశారని అడిగితే "సోడాలో పెడతామండీ, ఒక్క చుక్క రంగు మిగలదు" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు, రంగు ఒక్క చుక్క మిగల్లేదు. దాంతో పాటు ఫ్రేము పైన అతికించిన పూల ముక్కలు రెండు ఊడిపోయి విడిగా ఒక కవర్లో పెట్టి ఇచ్చారు. చెక్క నిండా నూగు లేచి కంబళిలా గరుగ్గా తయారైంది. టేకు రంగు పోయి, తడిసి ఎండిన బొగ్గు మసిలా నల్లబడింది. నెల తర్వాత సందుల్లోంచి తెల్లటి పొడి ఉప్పులా పైకి తేలడం మొదలుపెట్టింది.

ఇదంతా ఎందుకయిందో తర్వాత తెలిసింది. కాస్టిక్ సోడా రంగులో ఉండే నూనెని సబ్బులా మార్చి విడగొడుతుంది, అందుకే అంత తేలిగ్గా రంగు వచ్చేస్తుంది. కానీ అది అక్కడితో ఆగదు కదా, టేకు లాంటి కలపలో ఉండే వగరు పదార్థంతో కలిసి చెక్కని నల్లగా చేస్తుంది, పైనున్న నారని మెత్తబరుస్తుంది. పాతకాలం సామాన్లలో అతుకులకి వాడింది ఇప్పటి ఫెవికాల్ లాంటిది కాదు, పశువుల తోళ్లూ ఎముకలూ ఉడికించి చేసిన వజ్రం జిగురు. నీళ్లలో నానితే, అందులోనూ వేడి సోడా నీళ్లలో అయితే, అది కరిగిపోతుంది. తొట్టిలోంచి తీశాక చెక్కలోకి దిగిన సోడాని మంచినీళ్లతో పదేపదే కడిగి, వెనిగర్ నీళ్లతో విరగ్గొట్టాలి. అది సరిగ్గా చేయకపోతే తెల్లపొడి తేలుతూనే ఉంటుంది, దాని మీద ఏ పాలిష్ వేసినా పొక్కిపోతుంది. ఇనుప గేటుకి బాగుంటుందేమో గానీ నగిషీ ఉన్న చెక్కకి ఇది పనికిరాదు. 5కి 1 కూడా ఎక్కువే.

దాంతో మంచం మాత్రం ఎవరికీ ఇవ్వదలచుకోలేదు. మా వీధిలో ఇళ్లకి తలుపులు చేసే ఒక పెద్ద మేస్త్రి గారు ఉన్నారు, చిన్నప్పటి నుంచి లక్క పాలిష్ పని చేసిన మనిషి. ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన రంగు జోలికే పోలేదు, వంగి మంచం కింది వైపు, ఎవరూ రంగు వేయని చోట గోటితో గీరి, చిన్న దూది ముక్క పాలిష్ స్పిరిట్‌లో ముంచి అక్కడ రుద్దారు. దూదికి తేనె రంగు అంటుకుంది. "అదృష్టవంతురాలివమ్మా, అడుగున లక్క ఉంది. రంగు చెక్కలోకి దిగలేదు, లక్క మీదే కూర్చుంది. ఓపిగ్గా తీస్తే తొక్కలా వస్తుంది" అన్నారు.

ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు, ఐదు నిమిషాల పని. స్పిరిట్‌కి కరిగితే అది లక్క. లక్క పూత చెక్క రంధ్రాలని మూసేస్తుంది కాబట్టి దాని మీద వేసిన ఎనామిల్ లోపలికి ఇంకదు. లక్క లేని పచ్చి చెక్క మీద నేరుగా రంగు వేసి ఉంటే మాత్రం అది టేకు రంధ్రాల్లో సన్న సన్న గీతలుగా ఉండిపోతుంది, ఎంత తీసినా పూర్తిగా రాదు. మా మంచంలోనే ఆ తేడా కనిపించింది. నగిషీ పలక శుభ్రంగా వచ్చింది, చేతులు తగిలి తగిలి లక్క అరిగిపోయిన కోళ్ల పైభాగంలో మాత్రం పసుపు గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక మొదటి డబ్బా సంగతి. హార్డ్‌వేర్ షాపులో పెయింట్ రిమూవర్ అని అడిగితే ఇచ్చే రకం ఇది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ ఘాటు రకాల్లో చాలావాటిలో పని చేసే మందు ఒకటే, మిథిలీన్ క్లోరైడ్. దాన్నే డైక్లోరోమీథేన్ అని కూడా రాస్తారు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఆ రెండు పేర్లలో ఏదో ఒకటి ఉందేమో చూడండి. నేను లీటరు డబ్బా ఐదు వందల లోపే కొన్నాను.

దీన్ని మొదటిసారి మే నెలలో వాడాను. అప్పుడే ఈ రివ్యూ రాసి ఉంటే 5కి 1 ఇచ్చేదాన్ని. పెరట్లో మామిడి చెట్టు కింద పలక పడుకోబెట్టి, ఉదయం పదకొండింటికి బ్రష్‌తో పూశాను. పూసింది పూసినట్టే ఆరిపోయింది. ఇంకోసారి పూశాను, పైన తెల్లరంగు కాస్త ముడత పడి మళ్లీ గట్టిపడిపోయింది, ముందుకంటే మొండిగా తయారైంది. అర డబ్బా అయిపోయినా పైపొర కూడా పూర్తిగా రాలేదు. మందులో కల్తీ ఉందేమో అనుకున్నాను. కల్తీ ఏమీ లేదు. మిథిలీన్ క్లోరైడ్ దాదాపు 40 డిగ్రీలకే మరిగిపోతుంది. మన మే నెల మధ్యాహ్నం గాలే అంతకంటే వేడిగా ఉంటే, పూసిన మందు రంగులోకి దిగే లోపే ఆవిరైపోదూ?

డిసెంబర్‌లో మిగిలిన అర డబ్బా తీసి, పొద్దున్నే మంచు విడిచాక, అదే చెట్టు కింద మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి చూడాలి దాని పని! పూసిన పది నిమిషాల్లో తెల్లరంగు వేడి పాల మీద మీగడలా ముడతలు పడింది, ఇంకో ఐదు నిమిషాలకి చెక్క నుంచి విడిపోయి అప్పడంలా ఉబ్బింది. ప్లాస్టిక్ గరిటెతో తోస్తే తెలుపూ చాక్లెట్ రంగూ కలిసే వచ్చేశాయి. ఆ కింద మా అమ్మ చిన్నప్పటి పచ్చరంగు కనిపించింది. మా అమ్మ దూరం నుంచే చూసి, "ఇదే రంగు, మా పెద్దక్క పెళ్లికి వేసింది ఇదే" అంది.

పూయడంలో ఒక కిటుకు ఉంది, డబ్బా మీద సరిగ్గా రాయరు. ఈ మందులో కొంచెం మైనం కలుపుతారు. పూయగానే ఆ మైనం పైకి తేలి సన్నటి పొరలా కప్పేసి కింది మందు ఆవిరి కాకుండా ఆపుతుంది. మనం మామూలు పెయింట్ వేసినట్టు బ్రష్‌ని అటూ ఇటూ ఆడించామంటే ఆ పొర చెదిరిపోయి మందు దండగ. బ్రష్ నిండా ముంచి, ఒకే వైపు, దళసరిగా ఒక్కసారి పరిచి వదిలేయాలి. మళ్లీ దాన్ని ముట్టుకోకూడదు. ఈ ఒక్క విషయం మొదటే తెలిసి ఉంటే నాకు అర డబ్బా మిగిలేది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి, దయచేసి దీన్ని దాటేసి వెళ్లకండి. ఈ మందు ఆవిరి చాలా ప్రమాదం. వాసన తియ్యగా ఉంటుంది, అంత ఘోరంగా అనిపించదు, అందుకే మోసపోతాం. గాలి కంటే బరువు కాబట్టి నేలబారున నిలిచిపోతుంది, వంగి పని చేసేవాళ్ల ముక్కు దగ్గరే ఉంటుంది. పీల్చింది ఒంట్లోకి వెళ్లి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, అంటే మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే వచ్చే విషమే. అమెరికాలో బాత్‌టబ్‌ల పాత పూత తీసే పనివాళ్లు 2000 నుంచి 2011 మధ్య కనీసం 13 మంది ఈ మందు వల్లే, ఆ బాత్‌రూముల్లో పని చేస్తూ చనిపోయారు. యూరప్‌లో మామూలు జనానికి దీన్ని అమ్మడం మానేసి చాలా ఏళ్లయింది, అమెరికాలో 2019లో ఆపారు. మన దగ్గర కౌంటర్ మీద అడిగితే ఇస్తున్నారు, వాడే తీరు గురించి ఒక్క మాట చెప్పేవాళ్లు లేరు. కరోనాకి వాడిన ఎన్95 మాస్కు దీనికి పనికిరాదు, అది దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపదు. నల్ల బొగ్గు ఫిల్టర్ మాస్కులు కూడా ఈ మందు ముందు ఎక్కువసేపు నిలవవు. ఆరుబయట, గాలి మీ వెనక నుంచి వీస్తుండగా, కొంచెం కొంచెం చేసుకోవడం ఒక్కటే దారి. తల తిరిగినట్టు అనిపించిందా, అన్నీ అక్కడే వదిలేసి దూరంగా వెళ్లిపోండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఈ డబ్బా అసలు ముట్టుకోవద్దు. నీలం రంగు నైట్రైల్ చేతి తొడుగులు కూడా దీన్ని ఆపలేవు, కొద్ది నిమిషాల్లోనే మందు వాటిలోంచి లోపలికి వచ్చేస్తుంది. చర్మానికి తగిలిన చోట సిగరెట్‌తో చురక పెట్టినట్టు ఉంటుంది, నా మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది.

అపార్ట్‌మెంట్ బాల్కనీలో చేద్దామనుకునేవాళ్లకి నా సమాధానం, వద్దు.

అందుకే నగిషీ పలకకి వచ్చేసరికి రకం మార్చాను. నిజానికి ఇంకో కారణం కూడా ఉంది. ఘాటు మందు పది పదిహేను నిమిషాలు తడిగా ఉంటుంది, ఆ లోపు పని అయిపోవాలి. కోళ్ల మీద, పట్టెల మీద అది చాలు. చిలక రెక్కల సందుల్లో పుల్ల పెట్టి తీస్తూ కూర్చుంటే ఆ పావుగంటలో ఒక రెక్క కూడా కాదు, ఇంతలో మిగిలింది మళ్లీ గట్టిపడి మొరాయిస్తుంది. పైగా తొందరలో చేయి జారి గరిటె చిలక ముక్కుకి తగిలితే ఆ ముక్కు మళ్లీ ఎవరు చెక్కిస్తారు?

రెండోది బెంజైల్ ఆల్కహాల్ రకం జెల్. మా ఊళ్లో దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను, లీటరు వెయ్యి పైనే పడింది. పెరుగులా చిక్కగా ఉంటుంది, నిలువుగా ఉన్న చోట పూసినా కారదు. వాసన తక్కువ. పూసి గంట ఆగినా పైకి ఏమీ జరిగినట్టు కనిపించదు, అప్పుడే నిరాశపడకూడదు. సాయంత్రం నగిషీ అంతా మునిగేలా వేలు మందాన పట్టించి, పైన పల్చటి పాలిథిన్ కవర్ అతుక్కునేలా కప్పి, అంచులు టేపు వేసి పడుకున్నాను. పొద్దున కవర్ ఎత్తితే తెలుపు, చాక్లెట్, పచ్చ మూడూ కలిసి మెత్తటి హల్వాలా అయిపోయి ఉన్నాయి. పసుపు పొర మాత్రం రెండో రాత్రికి వచ్చింది. మే నెలలో కూడా ఇది ఆరిపోదు, నేను మిగిలిన పని ఉగాది తర్వాతే చేశాను. దీనికీ చేతి తొడుగులు కావాలి, కళ్లకి అద్దాలు కావాలి, కిటికీలు తీసి ఉండాలి, కానీ ప్రాణం మీదికి వస్తుందన్న టెన్షన్ లేకుండా గంటలకొద్దీ కూర్చుని చేసుకోవచ్చు. నగిషీకి కావాల్సింది అదే, గంటలకొద్దీ కూర్చోగలగడం.

మెత్తబడిన రంగుని సందుల్లోంచి తీయడానికి బజార్లో ఏవేవో సెట్లు అమ్ముతున్నారు, కొనకండి. నేను కొన్న ఉక్కు కొక్కేల సెట్టు ఒక్కరోజులో పక్కన పెట్టేశాను, టేకు మీద గీత పడితే ఆ గీత ఎప్పటికీ ఉంటుంది. మేస్త్రి గారు చెప్పింది వేరు. ముందు ఆ హల్వా మీద గుప్పెడు రంపపుపొట్టు చల్లమన్నారు. పొట్టు ఆ జిగురునంతా పీల్చుకుని పిట్టులా పొడిపొడిగా అయిపోతుంది, అప్పుడు గట్టి బ్రష్‌తో రుద్దితే సందుల్లోంచి ఉండలు ఉండలుగా రాలిపోతుంది. పొట్టు చెక్క కంటే గట్టిది కాదు కాబట్టి గీతలు పడవు. సగం పని దానితోనే అయిపోయింది. టేకు పొట్టు అయితే మంచిది, ఏ కలప కోత మిల్లులో అడిగినా ఊరికే ఇస్తారు.

కోళ్ల మీద గుండ్రటి గాళ్లకి పురికొస. గాడిలో పురికొస ఒక చుట్టు చుట్టి, రెండు చివర్లూ రెండు చేతులతో పట్టుకుని, మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ లాగాలి. కొస గాడి అడుగుకంటా వెళ్లి రంగు మొత్తం ఊడ్చుకొస్తుంది, మురికి పట్టగానే ఇంకో మూర కోసుకోవాలి. మా అమ్మ ఈ పని తనే చేస్తానని కూర్చుంది, నాలుగు కోళ్లూ ఆవిడే పూర్తి చేసింది.

చిలకలకి చీపురు పుల్లలు. కొబ్బరి చీపురు పుల్లని బ్లేడుతో ఏటవాలుగా కోస్తే మొన సన్నటి ఉలిలా ఉంటుంది, మెత్తబడిన రంగుని తోస్తుంది కానీ టేకుని గీరదు. ఇంకాస్త గట్టిది కావాలంటే వెదురు పుల్ల. కళ్లూ ముక్కూ దగ్గర పాత టూత్‌బ్రష్. నేను ఎడమ చిలకతో మొదలుపెట్టాను. మెడ దగ్గర రంగు ముద్ద ఊడి వచ్చినప్పుడు అక్కడ ఒక చిన్న హారం బయటపడింది, ఆవగింజలంత పూసలు, లెక్కపెడితే పదకొండు. అది అక్కడ ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అమ్మమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదు. రెక్కలో ఒక్కో ఈక మీదా ఉలి మొనతో మూడేసి గీతలు గీసి ఉన్నాయి. కుడి చిలకకి వచ్చేసరికి ఈకకి నాలుగేసి గీతలు, పూసలు కొంచెం కోలగా ఉన్నాయి. మేస్త్రి గారు చూసి "రెండు చేతులమ్మా. ఎడమది ఒకరు, కుడిది ఇంకొకరు చెక్కారు. కుడివైపు చెక్కినాయనకి తొందరెక్కువ, గీత చివర చూడు, ఉలి లాగేశాడు" అన్నారు. నిజంగానే కుడివైపు గీతలన్నీ చివర్లో తోకలా సాగి ఉన్నాయి. నేను ఆ రోజంతా ఇంకేం పని చేయలేకపోయాను, వేలితో ఆ గీతలు తడుముతూ కూర్చున్నాను.

స్టీల్ ఉన్ని, అంటే గిన్నెలు తోమే ఇనుప పీచు లాంటిది, వాడమని చాలామంది సలహా ఇస్తారు. టేకు మీద తడి ఉన్నప్పుడు అది వద్దు. దాని సన్న ముక్కలు రంధ్రాల్లో ఇరుక్కుని తుప్పు పట్టి, చెక్కలోని వగరుతో కలిసి నల్లటి చుక్కలు చేస్తాయి. ఇత్తడి బ్రష్ కానీ నైలాన్ పీచు కానీ వాడండి.

హీట్ గన్, అంటే వేడి గాలి ఊదే మెషీన్, గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నా. మా తమ్ముడి దగ్గరది తెచ్చి పట్టెల మీద వాడాను. నున్నగా, బల్లపరుపుగా ఉన్న చెక్క మీద దీనంత త్వరగా పని చేసేది ఇంకోటి లేదు, రంగు బుడగలొచ్చి పైకి లేస్తుంది, వెనకే గరిటెతో తీసుకుంటూ పోవచ్చు, మందు ఖర్చు లేదు. నగిషీ మీద మాత్రం పెట్టకూడదు. రేకుల అంచులు, ఆకు కొసలు పల్చగా ఉంటాయి, లోతులో ఉన్న రంగు వేడెక్కే లోపు ఆ అంచులు మాడిపోతాయి. నేను మొగ్గ ఒకటి మాడ్చాను, మంచం కుడివైపు కింది మూల, తెలిసినవాళ్లకి కనిపిస్తుంది. అతుకుల దగ్గర వజ్రం జిగురు కూడా వేడికి మెత్తబడుతుంది. అద్దం ఉన్న సామానైతే అద్దం తీసేశాకే.

వేడి పెట్టినా, గరుకు కాగితం పట్టినా ఇంకో భయం సీసం. పాత ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, పచ్చ, ఎరుపు రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. మన దేశంలో ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగు అంటే అందులో సీసం ఉందనే అనుకుని పని చేయాలి. పొడిగా గరుకు కాగితం పట్టి రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది, పాకే పిల్లల చేతులకి అంటి నోట్లోకి పోతుంది, వాళ్ల మెదడు ఎదుగుదలకే దెబ్బ. హీట్ గన్ కూడా తక్కువ వేడి మీదే ఉంచాలి, మంటతో కాల్చడం అసలు వద్దు. నేను మా అక్క పిల్లలు వచ్చిన వారం రోజులూ పని ఆపేశాను. తీసిన రంగు చెత్తనంతా కింద పరిచిన ప్లాస్టిక్ పట్టాతో సహా మూట కట్టి పక్కన పెట్టాను, పొయ్యిలోనో పెరట్లో మంటలోనో వేయలేదు. బట్టలు విడిగా ఉతికాను. మందుతో తడిపి తీసే పద్ధతికి ఉన్న పెద్ద లాభం ఇదే, దుమ్ము లేవదు.

రంగంతా పోయాక అయిపోయిందనుకోకండి. ఘాటు మందులోని మైనం చెక్క మీద ఉండిపోతుంది, దాని మీద పాలిష్ పట్టదు. టర్పెంటైన్‌తో రెండుసార్లు, గుడ్డ మారుస్తూ తుడవాలి. జెల్ రకానికి తడిగుడ్డతో తుడిస్తే చాలని డబ్బా మీద ఉంది. నేను నీళ్లు బాగా పిండేసిన గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డ పెట్టాను, నీళ్లు పోసి కడగలేదు. చెక్కని ఒక వారం నీడలో ఆరనిచ్చాను. అప్పుడు మేస్త్రి గారు లక్క రేకులు స్పిరిట్‌లో రెండు రోజులు నానబెట్టి, గుడ్డలో వడకట్టి, దూదిని ఉండ చేసి గుడ్డలో చుట్టి పాలిష్ మొదలుపెట్టారు. పలక మీద గుడ్డతో, నగిషీలో సన్న కుంచెతో. మెషీన్ పాలిష్ అయితే ఒక్కరోజులో గాజులా మెరిసిపోతుందని వేరేవాళ్లు చెప్పారు, నేను ఒప్పుకోలేదు. అంత దళసరి పూత వేస్తే మళ్లీ ఆ ఈకల గీతలు పూడుకుపోతాయి. లక్క అయితే పల్చగా ఉంటుంది, ఎప్పుడైనా స్పిరిట్‌తో తీసేసుకోవచ్చు, వందేళ్ల కిందట వేసినాయన కూడా అదే కదా వేసింది.

ఖర్చు అడుగుతారు. ఘాటు రిమూవర్ రెండు లీటర్లు, జెల్ మూడు లీటర్లు, టర్పెంటైన్, స్పిరిట్, లక్క, బ్రష్‌లు అన్నీ కలిపి ఆరు వేల చిల్లర. మేస్త్రి గారికి పాలిష్‌కి పది రోజుల కూలి విడిగా. సమయం మాత్రం డిసెంబర్ నుంచి మే దాకా, శని ఆదివారాలు. ఆఫీసు పని చేసుకుంటూ అంతకంటే త్వరగా నావల్ల కాలేదు, అవుతుందని ఎవరైనా చెప్పినా నగిషీ విషయంలో నేను నమ్మను.

ఘాటు రిమూవర్‌కి 5కి 3. కోళ్లకీ పట్టెలకీ, చలికాలంలో, ఆరుబయట అయితేనే. డబ్బా మిగిలితే ఎండ తగిలే చోట పెట్టకండి, లోపల ఆవిరి నిండి ఉబ్బుతుంది. మళ్లీ తీసేటప్పుడు మూత మీద గుడ్డ వేసి, మొహం పక్కకి పెట్టుకుని మెల్లగా తిప్పండి, లేకపోతే మందు కళ్లలోకి చిమ్ముతుంది. జెల్ రకానికి 5కి 4.5, ఆ అర కోసింది ధరకీ, మామూలు షాపుల్లో దొరకనందుకూ.

ఇక భోషాణం మిగిలింది. అది ఎర్రరంగులో ఉంది, దాని మీద కూడా జెల్ పూసేద్దామని డబ్బా తెచ్చుకుని కూర్చున్నాను. ముందు అలవాటుగా స్పిరిట్ దూదితో మూల మీద రుద్దితే దూది ఎర్రగా వచ్చింది. ఎనామిల్ అయితే అలా రాదు. ఎవరో పైన వేసిన రంగు కాదది, చేసిన రోజున పట్టించిన లక్క రంగే. జెల్ డబ్బా మూత పెట్టేశాను. దుమ్ము తుడిచి, ఇత్తడి బొడిపెలు చింతపండుతో తోమి, చెక్కకి తేనెమైనం పల్చగా రాసి, మంచం పక్కన పెట్టాను.